అమ్మకి, సోది సంగతి

స్టుట్‌గార్ట్,
సెప్టెంబరు 14, ఆదివారం

అమ్మా,

ఇక్కడ మేమంతా క్షేమం. ఉత్తరం బరువు చూసి కంగారు పడకు, చెడు కబురేం కాదు. ఫోన్లో చెబుదామంటే రెండో మాటకే నువ్వు "తిన్నారా" అంటావు, మూడో మాటకి తమ్ముడు ఫోన్ అందుకుంటాడు. వాడి ముందు ఈ విషయం ఎత్తడం నాకిష్టం లేదు. కాగితం మీదైతే మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక, కళ్ళజోడు పెట్టుకుని వసారాలో కూర్చుని నింపాదిగా చదువుకుంటావు.

నువ్వు సోది చెప్పించుకున్న సంగతి పిన్ని చెప్పింది. దానికి తమ్ముడు నిన్ను ఏమేం అన్నాడో కూడా చెప్పింది. రెండు పూటలు నువ్వు అన్నం ముందు కూర్చుని లేచిపోయావట. నిజం చెప్పాలంటే మొదట నేనూ నవ్వాను. సోదిలో నాన్న పలికి నిన్ను "ఏమే" అన్నాడని వినగానే నవ్వు ఆగలేదు. నాన్న జన్మలో నిన్ను "ఏమే" అన్నాడా? "ఇదిగో" అనేవాడు, అదీ గోడతో చెప్పినట్టు. నువ్వూ అక్కడే అనుమానపడి లేచొచ్చేశావట కదా. లేచొస్తూ కూడా చేటలో బియ్యం, డబ్బులు వదిలేసే వచ్చావని పిన్ని ఏడుపు.

ఆ తర్వాతే మేం గ్రీసు వెళ్ళాం. అక్కడ చూసినదీ విన్నదీ నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా కింది వాటాలో గ్రీకు మామ్మ నీకు గుర్తుందిగా, వీడియో కాల్లో నీ ముక్కుపుడక చూసి ముచ్చటపడింది. 1960లో జర్మనీ, గ్రీసు ఒప్పందం చేసుకుని ఇక్కడి ఫ్యాక్టరీలకి మనుషుల్ని రప్పించారు. ఆ వరసలో ఇరవై ఏళ్ళ పిల్లగా రైలెక్కి వచ్చిన మనిషి ఆవిడ. నాన్న కర్మలయ్యి నేను తిరిగొచ్చాక, తనంతట తనే రోజులు లెక్కపెట్టుకుని నలభయ్యో రోజున ఒక గిన్నె తెచ్చిచ్చింది. ఉడకబెట్టిన గోధుమలు, అందులో దానిమ్మ గింజలు, బాదంపప్పు, ఎండుద్రాక్ష, పైన మంచులా పంచదార పొడి. కోలివా అంటారట. పోయినవాళ్ళ పేరు చెప్పి చర్చిలో పెట్టించి అందరికీ పంచుతారట. మీ మతం కాదు, తింటారో తినరో అని గుమ్మంలోనే నిలబడింది. నేను అక్కడే ఒక చెంచా తిని ఏడ్చాను. నువ్వులూ పిండమూ లేకపోయినా, ఆ గిన్నె ఎందుకో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

ఈ వేసవిలో ఆవిడ తన ఊరు వెళ్తూ మమ్మల్నీ రమ్మంది. గ్రీసు వాయవ్య మూల, సముద్రం పక్కన, ప్రెవెజా జిల్లా. అక్కడ అఖెరోన్ అని ఒక నది ఉంది. పూర్వం గ్రీకులు చనిపోయినవాళ్ళ లోకానికి దారి ఆ నదేనని నమ్మేవాళ్ళు. వాళ్ళ వైతరణి అనుకో. మనకి దాటించడానికి ఆవు తోక ఉంది, వాళ్ళకి ఖారోన్ అనే పడవవాడు. వాడికి ఇవ్వడానికి శవం నోట్లో చిల్లర నాణెం పెట్టేవాళ్ళు. ఇప్పుడా నది చూస్తే నువ్వు నమ్మవు. పచ్చగా, అడుగున గులకరాళ్ళు కనిపిస్తూ, ఐసు పెట్టెలోంచి తీసినట్టు చల్లగా ఉంది. పిల్లలు టైరు ట్యూబులు వేసుకుని తేలుతున్నారు. మీ మనవడు అందులోంచి బయటికి రానని మొండికేశాడు. వైతరణిలోంచి బయటికి రమ్మని బతిమాలిన తల్లిని బహుశా నేనొక్కదాన్నే.

ఆ నది సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఎగువన మెసోపోటమో అనే పల్లె, దాని పక్కన ఒక గుట్ట. పైన బాప్తిస్మమిచ్చే యోహాను పేర పాత చర్చి. ఆ చర్చి కింద 1958లో సోతిరియోస్ డాకారిస్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వడం మొదలుపెట్టాడు. రాయికి రాయి అతికించినట్టు కట్టిన గోడలు బయటపడ్డాయి, కొన్నిచోట్ల 3 మీటర్లకు పైగా మందం. చీకటి నడవాలు, మలుపులు, వాటి మధ్య ఒక గది, ఆ గది కింద రాతి కమాన్ల మీద నిలబెట్టిన నేలమాళిగ. అప్పటిదాకా పుస్తకాల్లో మాత్రమే ఉన్న నెక్రోమాంటియోన్ ఇదేనని ఆయన ప్రకటించాడు. ఆ మాటకి అర్థం చనిపోయినవాళ్ళని అడిగే చోటు. అంటే సోది మండపం, అమ్మా. రాతితో కట్టింది.

అక్కడ ఏం జరిగేదో ఆయన ఇలా ఊహించాడు. అడగడానికి వచ్చినవాణ్ణి రోజుల తరబడి చీకటి గదిలో ఉంచేవాళ్ళు. తిండి పంది మాంసం, బార్లీ రొట్టె, చిక్కుళ్ళ లాంటి పెద్ద గింజలు. జాడీల్లో మాడిపోయిన గింజలు దొరికాయి, పచ్చివి తింటే తల తిరిగేవని ఆయన లెక్క. ఆ మత్తులో నడవాలన్నీ తిప్పి చివరి గదికి తెచ్చేసరికి, పూజారులు యంత్రం పెట్టి పైనుంచి ఒక బొమ్మని దించేవాళ్ళట. తాత వచ్చాడు, తండ్రి వచ్చాడు అని వాడు కాళ్ళ మీద పడేవాడు. ఆ యంత్రానివే అన్నట్టు కంచు చక్రాలు కూడా తవ్వకంలో దొరికాయి.

మేం నేలమాళిగలోకి ఇనుప మెట్ల మీద దిగాం. బయట 36 డిగ్రీలు, లోపల వెన్ను జలదరించే చల్లదనం. మాట్లాడితే గొంతు గోడల్లోకి ఇంకిపోతోంది, తిరిగి రావడం లేదు. మీ అల్లుడు ఫోటోలకని పైకెళ్ళాక నేనొక్కదాన్నే ఒక నిమిషం నిలబడ్డాను. మనసులో "నాన్నా" అనుకున్నాను. ఏమీ కాలేదు. పక్కన జర్మన్ కుటుంబంలో చిన్నపిల్ల "దెయ్యం ఏదీ" అని వాళ్ళమ్మని అడుగుతోంది.

ఇప్పుడు అసలు మలుపు విను. 1980 ప్రాంతంలో డీట్‌వుల్ఫ్ బాట్స్ అనే పండితుడు ఆ కంచు చక్రాలని చూశాడు. ఈయన మా జర్మనీ ఆయనే, పాతకాలపు యుద్ధ పరికరాలు ఆయనకి కొట్టిన పిండి. ఇవి బొమ్మల్ని దించే యంత్రానివి కావు, రాళ్ళూ బాణాలూ విసిరే కాటపుల్ట్ అనే యంత్రాల భాగాలు అని తేల్చాడు. ఒకటి కాదు, కనీసం ఏడు యంత్రాలవి. అలాంటివి దెయ్యాల గుడిలో ఎందుకుంటాయి? ధాన్యం జాడీలు, సేద్యం పనిముట్లు, మందపాటి గోడలు అన్నీ కలిపి చూస్తే, ఎవరో ఆసామి శత్రువుల భయంతో కోటలా కట్టుకున్న ఇల్లు అయ్యుండాలని ఇప్పుడు చాలామంది పండితుల మాట. క్రీస్తుకు పూర్వం 167లో రోమను సైన్యం ఈ సీమలో, ఎపిరస్ అంటారు దీన్ని, 70 ఊళ్ళు ధ్వంసం చేసి లక్షన్నర మందిని బానిసలుగా పట్టుకుపోయింది. ఆ మంటల్లోనే ఇదీ కాలిపోయిందంటారు. నేలమాళిగ గాదె కావచ్చు, నీళ్ళ తొట్టి కావచ్చు. అంటే నేను నాన్నని పిలిచింది ఎవరి ధాన్యం కొట్టులోనో!

మీ అల్లుడికి ఇది వినగానే టికెట్ డబ్బులు దండగ అనిపించింది. నాకు మాత్రం డాకారిస్ మీద జాలి కలిగింది. చిన్నవాడేం కాదు, ఆ సీమ చరిత్రంతా వెలికి తీసిన మనిషి. వినాలని అంత ఆశపడి తవ్వితే కంచు చక్రం కూడా పలుకుతుంది. సోదెమ్మ "ఏమే" అనకుండా "ఇదిగో" అనుంటే నువ్వు మాత్రం లేచొచ్చేదానివా?

అలాగని ఆ సీమలో సోది లేదని కాదు. ఉండేది, ఈ గుట్ట మీద కాకపోవచ్చు. అప్పట్లో నది పక్కన అఖెరూసియా అని పెద్ద చిత్తడి చెరువు ఉండేది, ఆ ఒడ్డునే ఎక్కడో జరిగేదని కొందరంటారు. పోయిన శతాబ్దంలో ఆ చెరువు నీళ్ళు తోడేసి పొలాలు చేశారు. గుట్ట మీంచి చూస్తే కనుచూపు మేర సాగుభూమే, మన డెల్టా గుర్తొచ్చింది. గ్రీకులకి ఇలాంటి చోట్లు మొత్తం నాలుగు బాగా పేరున్నవి: ఈ అఖెరోన్ ఒకటి, గ్రీసు దక్షిణపు కొసన తైనరోన్, ఇటలీలో అవెర్నో సరస్సు, ఇప్పటి టర్కీలో నల్ల సముద్రం ఒడ్డున హెరాక్లియా.

వీటిలో అఖెరోన్‌కి మనుషుల్ని పంపిన ఒక పెద్దమనిషి కథ హెరొడోటస్ అనే పాతకాలపు గ్రీకు చరిత్రకారుడు రాశాడు. ఇది నీకు చెప్పడానికే నేను కలం పట్టింది. క్రీస్తుకు పూర్వం 600 ప్రాంతంలో కొరింథు నగరాన్ని ఏలినవాడు పెరియాండర్. ఆయన దగ్గర ఎవరో స్నేహితుడు సొమ్ము దాచుకున్నాడు. అది ఎక్కడ పెట్టారో తెలియడం లేదు. తెలిసిన మనిషి భార్య మెలిస్సా, ఆమేమో చనిపోయింది. సరిగ్గా మన ప్రోనోటు వ్యవహారమే చూడు! మూడు లక్షలు ఎవరికిచ్చాడో తెలుసు, నోటు ఎక్కడ పెట్టాడో నాన్నకి తప్ప ఎవరికీ తెలియదు, వచ్చే సంక్రాంతికి మూడేళ్ళు నిండి నోటు మురిగిపోతుంది. రాజ్యమేలేవాడికి లేని సిగ్గు నీకెందుకమ్మా? ఆయనా మనుషుల్ని పంపి అడిగించాడు.

మెలిస్సా పలికింది. కానీ సొమ్ము సంగతి చెప్పనంది. "నాకు చలేస్తోంది, ఒంటి మీద బట్టల్లేవు. నాతో పాటు పూడ్చిన బట్టలు కాల్చలేదు కాబట్టి అవి నాకు అందలేదు" అంది. నేను మెలిస్సానే అనడానికి గుర్తుగా, మొగుడికి మాత్రమే తెలిసిన మాట ఒకటి చెప్పి పంపింది: "చల్లారిన పొయ్యిలో రొట్టెలు పెట్టావు" అని. దాని అర్థం నీకు రాయలేను. పిన్నినీ అడక్కు. చదివి నేనే పుస్తకం మూసేశాను.

ఆ గుర్తు విని ఆయనకి నమ్మకం కుదిరింది. వెంటనే ఏం చేశాడో తెలుసా? ఊళ్ళో ఆడవాళ్ళందరినీ హేరా దేవత గుడికి రమ్మని చాటింపు వేయించాడు. పండగ కాబోలనుకుని అందరూ ఉన్నవాటిలో మంచివి కట్టుకుని వచ్చారు. యజమానురాలనీ దాసీ అనీ చూడకుండా అందరి బట్టలూ భటుల చేత ఒలిపించి, గోతిలో పోసి, మెలిస్సా పేరు చెప్పి తగలబెట్టాడు. రెండోసారి మనుషుల్ని పంపితే ఆమె సొమ్మున్న చోటు చెప్పింది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. మెలిస్సా చనిపోయింది మొగుడి చేతిలోనే, ఆ మాటా హెరొడోటస్సే రాశాడు. అంత చేసినవాడు ఆమెని "ఎలా ఉన్నావు" అని అడగలేదు, సొమ్మెక్కడ అన్నాడు. తన బాకీ తీర్చడానికి ఊరి ఆడవాళ్ళ పట్టుచీరలు కాల్చాడు. హెరొడోటస్ కూడా ఈ కథని నియంతల పాలన ఎంత దుర్మార్గమో చూపించడానికే ఒక కొరింథువాడి నోట చెప్పించాడు. నాకు మాత్రం ఆ చలి మాటే పట్టుకుంది. రాత్రి అమ్ముదియా అనే ఊళ్ళో సముద్రం పక్కన ఉక్కగా ఉన్న గదిలో పడుకుని, నాన్నకి నేను పంపిన బూడిదరంగు స్వెటరు గురించే ఆలోచించాను. "మన ఊళ్ళో స్వెటరు ఏంటే" అని ఒక్కసారీ వేసుకోలేదు. బీరువాలో పై అరలో కవరు కూడా తీయకుండా ఉంది కదా.

హోమర్ అనే గ్రీకు ఆదికవి చెప్పిన కథ ఇంకొకటుంది, ఒడిస్సియస్ అని, ఇంటికి చేరలేక ఏళ్ళ తరబడి సముద్రం మీద తిరిగినవాడు. ముందేం జరుగుతుందో టైరీసియస్ అనే చనిపోయిన జోస్యుణ్ణి అడగడానికి ఆ లోకపు అంచుకి వెళ్తాడు. మూరెడు పొడవూ మూరెడు వెడల్పూ గుంట తవ్వి తేనె కలిపిన పాలు, ద్రాక్షసారా, నీళ్ళు పోసి, బార్లీ పిండి చల్లి, గొర్రెల్ని కోసి ఆ నెత్తురు గుంటలోకి వదులుతాడు. ఆ నెత్తురు తాగితేగానీ ఆత్మలకి గుర్తూ పలుకూ రావు. ఆ గుంపులో వాళ్ళమ్మ కనబడుతుంది. తను బయల్దేరేనాటికి బతికే ఉన్న తల్లి. ఈ ముక్క నీకు రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఏ జబ్బుతో పోయావమ్మా అంటే, జబ్బేం లేదురా, నీ మీద బెంగతోనే అంటుంది. మూడుసార్లు వాటేసుకోబోతాడు, మూడుసార్లూ నీడలా జారిపోతుంది. మన కాఫీ గ్లాసు, మందుల డబ్బా రెండూ పక్కన పెట్టుకుని చదువుతుంటావు కదా, బీపీ మాత్ర వేసుకున్నావా?

తిరుగుదారిలో యోవానినా మ్యూజియం చూశాం. దాని దగ్గర్లో దొదోనా అని జ్యూస్ దేవుడి సోది స్థలం. జనం తమ ప్రశ్నని సన్నటి సీసపు రేకు మీద గీసి ఇచ్చేవాళ్ళు, అలాంటివి వేలల్లో దొరికాయి. రాజుల ప్రశ్నలు కాదు, మనలాంటివాళ్ళవి. ఆగిస్ అనేవాడు తన దుప్పట్లూ తలగడలూ ఎవరైనా బయటివాళ్ళు ఎత్తుకుపోయారా అని అడిగాడు. లిసానియాస్ అనేవాడు భార్య కడుపులో బిడ్డ తనదేనా అని అడిగాడు. ఇంకెవరో డోరియోస్ అనే ఆత్మల్ని పిలిచేవాణ్ణి పెట్టుకోవచ్చా అని అడిగారు. సోది చెప్పేవాడి దగ్గరికి వెళ్ళాలా వద్దా అని ఇంకో సోదిలో అడగడం! దీనికి మాత్రం మీ అల్లుడు కూడా నవ్వాడు, ఆ మ్యూజియంలో గంటసేపు ఉన్నాడు.

ఇంకొక్క కథ చెప్పి ఆపేస్తాను. ప్లూటార్క్ అనే పాత గ్రీకు రచయిత రాసింది. ఇటలీలోని గ్రీకు ఊరు తెరీనాలో ఎలీసియస్ అని కలిగినవాడు. ఒక్కగానొక్క కొడుకు ఉన్నట్టుండి పోయాడు. ఆస్తి కోసం ఎవరైనా మందు పెట్టారేమోనని తండ్రికి అనుమానం. ఆత్మల్ని అడిగే చోటికి వెళ్ళి, బలులిచ్చి, అక్కడే నిద్రపోయాడు. కలలో తన తండ్రి వచ్చాడు, వెంట కొడుకు వయసు కుర్రవాడొకడు. ఆ కుర్రవాడు చేతిలో ఒక చీటీ పెట్టాడు. అందులో మూడే వరసలు. మనుషుల బుద్ధి తెలివితక్కువది, నీ కొడుకు విధి ప్రకారమే పోయాడు, బతికుండటం అతనికీ మంచిది కాదు, అమ్మానాన్నలకీ మంచిది కాదు, అని.

సోదెమ్మని నువ్వు నోటు ఒక్కటే అడగలేదని నాకు తెలుసు. పిన్ని చెప్పలేదు, నేనే అనుకున్నాను. ఆ రాత్రి ఆయాసం మొదలైనప్పుడే కారు మాట్లాడి పట్నం తీసుకెళ్ళి ఉంటే, అని నువ్వు ఫోన్లో మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశావు. ఎలీసియస్‌కి వచ్చినట్టు మనకి చీటీ రాదు. వచ్చినా నేను నమ్మను, నువ్వు నమ్ముతావేమో. కానీ ఆ రాత్రి నాన్న నాతో ఫోన్లో మాట్లాడాడు, నీకు తెలియదు. నువ్వు వేడినీళ్ళు పెడుతున్నావు. "మీ అమ్మ ఊరికే హడావిడి చేస్తోంది, పొద్దున్నే వెళ్దామన్నాను" అన్నాడు. పొద్దున్న వెళ్దామన్నది ఆయన. నేనూ సరే అన్నాను. ఇన్నాళ్ళూ ఇది చెప్పకపోవడం నా తప్పు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే నా "సరే" కూడా చెప్పాల్సొస్తుందని.

తమ్ముడితో నేను మాట్లాడతాను. వాడు నిన్ను అన్నది తప్పే, కానీ వాడూ నోటు కోసం ఇల్లంతా తిరగేసి విసిగిపోయి ఉన్నాడు. నాకొకటి తట్టింది. నాన్నకి కాగితం ఏదైనా పంచాంగంలో పెట్టే అలవాటు. నోటు రాయించుకున్న ఏడాది పంచాంగం అటక మీద పాత కట్టలో ఉంటుంది, దేవుడి గదిలో ఉన్నది ఈ ఏడాదిది. నువ్వు నిచ్చెన ఎక్కకు, వాణ్ణే ఎక్కమను. దొరక్కపోతే పోయింది.

సంవత్సరీకానికి వారం ముందే వస్తున్నాను, సెలవు ఇచ్చారు. గ్రీకు మామ్మ కోలివాలో కలపమని ఒక పొట్లం దాల్చినచెక్క ఇచ్చింది, మన వంటల్లో ఎందులో వేస్తావో నీ ఇష్టం. స్వెటరు ఎవరికీ ఇవ్వకు, ఒకసారి నేను చూడాలి. పిన్ని ఆ పొయ్యి కథ అడుగుతుంది, నాకు తెలుసు. పిల్లలు పడుకున్నాక ఫోన్ చెయ్యమను.

నీ
పెద్దమ్మాయి